సంఖ్యా పద్ధతుల ప్రయోగశాల

సూత్రంతో నేరుగా తేలని గణిత సమస్యలకు కంప్యూటర్‌పై ఉజ్జాయింపు సాధనలు రాబట్టడం నేర్పే విశ్వవిద్యాలయ కోర్సు. విద్యార్థులు సి, ఫోర్‌ట్రాన్, పైథాన్, మ్యాట్‌ల్యాబ్ వంటి భాషల్లో ప్రోగ్రాములు రాస్తారు.

పాఠ్యాంశాలు: సమీకరణాల మూలాలకు ద్విభాజన, న్యూటన్-రాఫ్సన్ పద్ధతులు; ఏకఘాత సమీకరణాలకు గౌస్ పద్ధతి; సమాకలనానికి సింప్సన్ నియమం; అవకలన సమీకరణాలకు ఆయిలర్, రుంగే-కుట్టా పద్ధతులు. 2 వర్గమూలాన్ని న్యూటన్ పద్ధతిలో 1తో మొదలుపెడితే వరుసగా 1.5, 1.416667, 1.414216 వస్తాయి. ద్విభాజనలో మూలం ఉన్న అంతరం ఒక్కో అడుగుకు సగమే తగ్గుతుంది.

దోషాలు: ద్విగుణ ఖచ్చితత్వంలో కంప్యూటర్ సుమారు 16 దశాంశ అంకెలే నిలుపుతుంది. అందుకే అవకలజాన్ని లెక్కించేటప్పుడు బిందువుల మధ్య దూరాన్ని (అడుగు పరిమాణాన్ని) మరీ చిన్నది చేస్తే సూత్రం వల్ల వచ్చే దోషం తగ్గినా, అంకెల సవరింపు దోషం పెరుగుతుంది. తగిన అడుగు పరిమాణాన్ని ఎంచుకోవడం ఈ ప్రయోగాల్లో ముఖ్య భాగం.