కనెక్టెడ్ (ఆంగ్ల పదం)

కనెక్టెడ్ అనునది ఆంగ్ల భాషలో తరచుగా వాడబడే ఒక విశేషణం. కలుపబడిన, ముడిపడిన, సంబంధం గల అని దీని సామాన్యార్థం. "కనెక్ట్" అను క్రియ యొక్క భూతకృదంత రూపమే ఇక్కడ విశేషణంగా నిలిచినది. ఆంగ్లేయుల ఉచ్చారణలో చివరి అక్షరం "టిడ్"కు దగ్గరగా వినిపిస్తుంది.

వ్యుత్పత్తి

దీనికి మూలం లాటిన్ భాష. "కాన్" అనగా కలిపి, "నెక్టెరె" అనగా కట్టుట. సంస్కృతంలోని "సంబద్ధ" శబ్దం కూర్పు కూడా ఇటువంటిదే: సం అనగా కలిసి, బద్ధ అనగా కట్టబడినది. కావున నిర్మాణాన్ని బట్టి చూస్తే సంబద్ధం అనే మాట దీనికి సరిజోడు. చిక్కంతా వ్యతిరేకార్థంలో వస్తుంది. తెలుగులో అసంబద్ధం అంటే పొంతన లేనిది, అర్థం లేనిది అనే నిందార్థం స్థిరపడిపోయింది. "అన్‌కనెక్టెడ్" సంఘటనలను అసంబద్ధ సంఘటనలు అని రాస్తే మూలంలో లేని నింద వచ్చి చేరుతుంది. "ఒకదానితో ఒకటి సంబంధం లేని సంఘటనలు" అని విడమరచి రాయడమే మేలు.

వాడుక

తీగలు, గొట్టాలు, రైలు పెట్టెలు మొదలగు వస్తువుల కలయికను చెప్పునప్పుడు సాధారణంగా "కనెక్టెడ్ టు" అంటారు. విషయాల మధ్య సంబంధానికి "కనెక్టెడ్ విత్" కూడా వాడతారు. "కనెక్టెడ్ బై మ్యారేజ్" అంటే వియ్యం వలన బంధువులైనవారు. "వెల్ కనెక్టెడ్" అంటే పెద్దల అండ, పలుకుబడి గలవారు. దీనిని "మంచి సంబంధం గలవాడు" అని తెనిగిస్తే తెలుగు పాఠకునికి ముందుగా పెళ్ళి సంబంధమే స్ఫురించును!

"డిస్‌కనెక్టెడ్" అనేది సాధారణంగా మునుపు ఉన్న కలయిక తెగినప్పుడు వాడే మాట. అసలు సంబంధమే లేనప్పుడు "అన్‌కనెక్టెడ్" అంటారు. గణితంలో మాత్రం ఈ భేదం పాటించరు. అక్కడ ఎన్నడూ కలవనిది కూడా డిస్‌కనెక్టెడే.

గణితంలో

ఒక గ్రాఫులో ఏ బిందువు నుండి అయినా మరే బిందువుకైనా దారి ఉంటే అది కనెక్టెడ్ గ్రాఫు. కోనిగ్స్‌బర్గ్ (నేటి రష్యాలోని కాలినిన్‌గ్రాడ్) నగరంలోని 7 వంతెనలపై ఆయిలర్ రాసిన 1736 నాటి వ్యాసం ఈ శాస్త్రానికి ఆదిగా చెప్పబడుతున్నది. అక్కడి 4 భూభాగాల మధ్య రాకపోకలకు దారి ఉంది, అనగా గ్రాఫు కనెక్టెడే. అయినను ప్రతి వంతెననూ ఒక్కసారి మాత్రమే దాటుతూ అన్నిటినీ చుట్టిరావడం అసాధ్యం. ఒక్కొక్క భూభాగాన్ని తాకే వంతెనల సంఖ్య బేసి కావడమే కారణం. అటువంటి భూభాగాలు రెండుకు మించితే ఆ నడక కుదరదు; ఇక్కడ నాలుగూ అటువంటివే.

భాషాశాస్త్రంలో

విడివిడి పదాలుగా కాక ధారగా సాగే మాటను "కనెక్టెడ్ స్పీచ్" అంటారు. బ్రిటిష్ ప్రామాణిక ఉచ్చారణలో "ఫార్" అనే మాటను విడిగా పలికినప్పుడు రేఫ వినబడదు. "ఫార్ అవే" అన్నప్పుడు వినబడుతుంది. తెలుగు సంధులు దీనికి దగ్గరివే. అయితే "వాడు + ఎక్కడ = వాడెక్కడ" అన్నప్పుడు ఉన్న అచ్చు లోపిస్తుంది, ఆంగ్లంలో వినబడని హల్లు తిరిగి వస్తుంది.