కోనసీమ కొబ్బరి తోటల్లో పునరుజ్జీవన సేద్యం

పంట తీస్తూనే నేలలో సేంద్రియ పదార్థాన్ని, సూక్ష్మజీవులను, తేమ నిలుపుకునే గుణాన్ని ఏటేటా పెంచే సాగును పునరుజ్జీవన సేద్యం అంటారు. 1980లలో అమెరికాలోని రోడేల్ సంస్థ ఈ భావనకు ప్రచారం తెచ్చింది. గౌతమీ, వసిష్ఠ పాయల నడుమ ఉన్న కోనసీమలో అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల తోటలకు ఇది మరింత అవసరం. వరి చేనులో పంట మార్చి నేలకు ఊపిరి తిప్పుకునే వీలివ్వవచ్చు. కొబ్బరి చెట్టు మాత్రం అరవై ఏళ్లకు పైగా ఒకే చోట నిలబడి, ఆ పాదులోనే తింటుంది. అక్కడ తగ్గినదాన్ని ఎవరో ఒకరు తెచ్చి పోయాల్సిందే.

తోట నుంచి బయటికి పోతున్నవి

దింపు తీసిన ప్రతిసారీ తోట దాటిపోయేది కాయ ఒక్కటే కాదు. డొక్క పీచు పరిశ్రమకు పోతుంది, మట్టలు పొయ్యిలోకో దడి కట్టడానికో పోతాయి, ఈనెలు చీపుళ్లవుతాయి. వీటన్నిటికీ ధర ఉంది కాబట్టి రైతును తప్పుపట్టలేం. కానీ లెక్కలో రెండో వైపు కూడా చూడాలి. కాసరగోడ్‌లోని కేంద్ర తోట పంటల పరిశోధన సంస్థ కాపుకొచ్చిన చెట్టుకు ఏడాదికి 500 గ్రాముల నత్రజని, 320 గ్రాముల భాస్వరం, 1200 గ్రాముల పొటాష్ సిఫారసు చేస్తోంది. కొబ్బరికి అన్నిటికన్నా పెద్ద ఆకలి పొటాష్‌దే. కాయలో చేరిన పొటాష్‌లో పెద్ద భాగం ఉండేది డొక్కలోనే. ఆ డొక్కను అమ్మిన రైతే పొటాష్ బస్తా కొనుక్కుంటున్నాడు. అన్ని డొక్కలూ తోటలోనే ఉంచమనడం జరిగే పని కాదు. కొంత భాగమైనా తిరిగి పాదుకు చేరాలి.

డొక్కలను వాడే పద్ధతి తేలికే. చెట్ల వరుసల మధ్య కందకం తీసి, దొప్ప పైకి ఉండేలా పేర్చి, వరసకు వరసకు మధ్య మట్టి వేస్తారు. అప్పుడు ప్రతి దొప్పా నీటిని పట్టి ఉంచుతుంది. ఆ ప్రభావం ఐదారేళ్లు నిలుస్తుంది. పాదులో పైన పరిచేటప్పుడు మాత్రం బోర్లించాలి, కింది తడి ఆవిరైపోకుండా.

మట్టల సంగతి ఇంకా ముఖ్యం. చెట్టు ఏడాదికి పన్నెండు నుంచి పద్నాలుగు మట్టలు రాలుస్తుంది. హెక్టారు తోటలో ఇది 6 నుంచి 8 టన్నుల దాకా ఉంటుందని కాసరగోడ్ సంస్థ అంచనా. మట్ట గట్టిది, తొందరగా కుళ్లదు. అందుకే ఆ సంస్థ మట్టలను తినగల యూడ్రిలస్ జాతి వానపామును ఎంపిక చేసి, పేడతో కలిపి రెండున్నర మూడు నెలల్లో ఎరువు చేసే పద్ధతి రూపొందించింది. పీచు తీసిన తర్వాత మిగిలే పొట్టుతో జాగ్రత్త అవసరం. పచ్చి పొట్టులో కర్బనం నత్రజనికి నూరు రెట్ల పైమాటే. నేరుగా పాదులో పోస్తే అది కుళ్లడానికి నేలలోని నత్రజనినే లాక్కుంటుంది. ముత్యపు చిప్ప పుట్టగొడుగు విత్తనం, కొద్దిగా యూరియా కలిపి నెల రోజులు మాగబెడితే ఆ నిష్పత్తి నాలుగో వంతుకు దిగుతుంది.

చెట్ల మధ్య ఖాళీ

8 మీటర్ల ఎడంతో నాటిన తోటలో ఒక్కో చెట్టుకు 64 చదరపు మీటర్ల నేల దక్కుతుంది. వేళ్లలో అధిక భాగం మొదలు చుట్టూ 2 మీటర్ల లోపే ఉంటాయి, అంటే సుమారు పన్నెండున్నర చదరపు మీటర్లు. మిగతాదంతా అంతర పంటల చోటు. ఎండ సంగతి వయసును బట్టి మారుతుంది. నాటిన ఎనిమిదో ఏడు నుంచి దాదాపు పాతికేళ్ల వరకు నీడ దట్టం. ఆ తర్వాత చెట్టు ఎత్తు పెరిగి, వెలుతురు కింది దాకా దిగుతుంది. 1996 నవంబరు 6 తుపాను కోనసీమలో లక్షల చెట్లను కూల్చింది. ఆ వెంటనే తిరిగి నాటిన తోటలు ఇప్పుడు సరిగ్గా ఈ దశలో ఉన్నాయి. కింద మరో పంట వేయడానికి ఇదే అనువైన కాలం.

కోకో, అరటి, కంద, పసుపు, వక్క, మిరియం ఇక్కడ కొబ్బరి నీడలో పండుతాయి. నేల కోణంలో చూస్తే వీటిలో ముందు చెప్పుకోవలసింది కోకో. ఏడాది పొడవునా ఆకు రాల్చి నేలను కప్పేస్తుంది. దాని పూలకు పరపరాగ సంపర్కం చేసేవి కంటికి సరిగా ఆనని చిన్న ఈగలు. అవి కుళ్లుతున్న ఆకుల్లో, అరటి బోదెల్లో, కోకో తొక్కల్లో గుడ్లు పెడతాయి. తోటను ఊడ్చి శుభ్రంగా ఉంచితే కాయ తగ్గుతుంది! తొలకరిలో పాదుల్లో జనుమో అలసందో చల్లి పూతకు ముందు కలియదున్నడం, గట్ల మీద గ్లిరిసిడియా కొమ్మలు పాతి ఏడాదికి రెండు మూడుసార్లు రొట్ట కోయడం, కానుగ ఆకు వేయడం నత్రజని ఖర్చును తగ్గిస్తాయి.

పురుగులు, తెగుళ్లు

సేంద్రియ పదార్థం పెరిగితే కొమ్ము పురుగుకూ చోటు పెరుగుతుంది. దాని పిల్ల పురుగులు పెంటకుప్పల్లో, కుళ్లిన మొద్దుల్లో ఎదుగుతాయి. పడిపోయిన చెట్లను తోటలో వదిలేయకూడదు. ఎరువు గుంతల్లో మెటారైజియం శిలీంధ్రం కలపాలి. 2016లో దక్షిణ భారతంలో బయటపడిన సర్పిలాకార తెల్లదోమ కోనసీమనూ చుట్టుముట్టింది. దాన్ని అదుపు చేసేది ఎన్కార్సియా అనే పరాన్నజీవి కందిరీగ. రసాయనాలు పదే పదే కొట్టిన చోట ముందు చచ్చేది అదే. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం ఇలాంటి జీవ నియంత్రణ పద్ధతులపై పనిచేస్తోంది. గానోడెర్మా తెగులుకు ఏటా చెట్టుకు 5 కిలోల వేపపిండిలో 50 గ్రాముల ట్రైకోడెర్మా కలిపి పాదులో వేయమంటారు.

నీటి సమస్య

ఈ పద్ధతుల శక్తికి ఒక హద్దు ఉంది. రాజోలు ప్రాంతంలో శంకరగుప్తం డ్రెయిన్ వెంట సముద్రపు పోటునీరు తోటల్లోకి ఎక్కి, కాపున్న చెట్లు మొవ్వులు రాలి మోడులయ్యాయి. ఉప్పునీరు నెలల తరబడి నిలిచిన వేళ్లకు వానపాముల ఎరువు ప్రాణం పోయలేదు. అక్కడ ముందు కావలసినవి పూడిక తీసిన కాలువ, గట్టి కరకట్ట. అవి రైతు ఒక్కడి చేతిలో లేవు. ఉప్పు కడిగేసే మంచినీరు అంది, మురుగు కదిలిన తర్వాతే పచ్చిరొట్ట, డొక్కల పని మొదలవుతుంది.