త్వరగా దొరికిన అనుమతి – ముందుగా కట్టిన సొమ్ము

పెన్షనర్ మిత్రులు నలుగురు ఒకచోట చేరితే కరువు భృతి తరువాత వచ్చే మాట పిల్లల విదేశీ చదువులదే. "ఫలానా దేశానికి ఇరవై రోజుల్లో పర్మిట్ వచ్చేస్తుందట" అన్న మాట ఆ మధ్య ప్రతి ఇంటా వినబడింది. సర్వీసులో కొన్నేళ్లు అనంతగిరి మండల కార్యాలయంలో ఫైళ్లతో కాలం గడిపినవాడిని గనుక, ఆ ఇరవై రోజుల చరిత్రను ఆఫీసు కంటితో చూసి నాలుగు మాటలు మనవి చేస్తాను.

మన యవ్వనంలో అడ్డంకులు మన దేశంలోనే ఎక్కువగా ఉండేవి. పాస్‌పోర్టు ఇవ్వడం, మానడం ప్రభుత్వం ఇష్టంగా సాగేది. విదేశానికి వెళ్లడం వ్యక్తి స్వేచ్ఛలో భాగమేనని సుప్రీంకోర్టు 1967లో సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో చెప్పింది. ఆ ఏడాదే పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. డాలర్లు కావాలంటే రిజర్వు బ్యాంకు అనుమతి, 'పి' ఫారం తప్పనిసరి. 2004లో ఏడాదికి 25,000 డాలర్ల వరకు స్వేచ్ఛగా పంపుకోవచ్చన్నారు. తరువాత ఆ పరిమితి 2,50,000 డాలర్లకు పెరిగింది. అమెరికా వీసా కోసం మద్రాసు రైలెక్కిన మన వాళ్లకు 2008లో హైదరాబాదులో కాన్సులేటు వచ్చింది. ఇక్కడి తలుపులు తెరుచుకున్నాక అసలు పరీక్ష అవతలి దేశపు తలుపు దగ్గరకు చేరింది.

కెనడా ప్రభుత్వం 2009లో మన దేశ విద్యార్థుల కోసం కొన్ని కళాశాలలతో కలిసి ఒక త్వరిత పథకం ప్రారంభించింది. దాని స్థానంలో 2018 జూన్‌లో 'స్టూడెంట్ డైరెక్ట్ స్ట్రీమ్' వచ్చింది. మొదట భారత్, చైనా, ఫిలిప్పీన్స్, వియత్నాం దేశాలకు వర్తించి, చివరికి 14 దేశాలకు విస్తరించింది. చాలా దరఖాస్తులు 20 రోజుల్లో తేల్చాలన్నది లక్ష్యం. షరతులు ఇవి: గుర్తింపు పొందిన విద్యాసంస్థ ప్రవేశపత్రం, మొదటి ఏడాది ఫీజు కట్టిన రశీదు, ఐఈఎల్‌టీఎస్ నాలుగు విభాగాల్లోనూ 6కు తగ్గని మార్కులు, ముందుగానే వైద్య పరీక్ష. వీటికి తోడు కెనడా బ్యాంకులో 10,000 కెనడా డాలర్ల డిపాజిట్. అప్పటి లెక్కన సుమారు 5 లక్షల రూపాయలు. ఈ సొమ్ము విద్యార్థికి అక్కడికి వెళ్లాక కొంత, మిగిలినది వాయిదాలుగా చేతికి వచ్చేది.

ఇందులో కిటుకు మనకు కొత్తది కాదు. పెన్షన్ ప్రతిపాదనలు సర్వీసు రిజిస్టరుతో సహా అన్ని కాగితాలతో వెళితే ఏ.జి. ఆఫీసు నుండి త్వరగా ఉత్తర్వు వచ్చేది. ఒక్క కాగితం తగ్గితే అభ్యంతరంతో ఫైలు తిరిగి వచ్చేది. కెనడా చేసినదీ అంతే. పరిశీలన తగ్గించలేదు, తరువాత అడగవలసినవన్నీ ముందే అడిగింది. డబ్బు ఉందా అన్న ప్రశ్నకు బ్యాంకు డిపాజిట్టే జవాబు గనుక అధికారికి పని తేలికయింది.

అయితే ఆ జవాబు ఎవరి చేతిలో ఉంది? అనంతగిరి కొండల్లో ఇంటికి ఇంత కాఫీ తోట, ఇంత పోడు ఉండవచ్చు. 1970 నాటి ఒకటో నంబరు రెగ్యులేషన్ వల్ల ఏజెన్సీ భూమి గిరిజనేతరులకు బదిలీ కారాదు. ఈ మండలంలోని బొర్రా ప్రాంత గనుల వివాదం నుండి వచ్చిన 1997 సమతా తీర్పు ఆ రక్షణను ఇంకా గట్టిపరిచింది. ఆ రక్షణ ఉండవలసిందే. కానీ బస్తీలో ఇల్లు అమ్మి డిపాజిట్ కట్టినట్లు కొండమీద భూమి అమ్మి కట్టడం కుదరదు. గిరిజన విద్యార్థులకు కేంద్రం ఏటా ఇచ్చే విదేశీ స్కాలర్‌షిప్పులు దేశం మొత్తానికి 20 మాత్రమే. పైగా స్కాలర్‌షిప్పు మంజూరు కావడం వేరు, ముందుగా కట్టవలసిన సొమ్ము చేతిలో ఉండడం వేరు. ఆ విధంగా వేగం, సిద్ధంగా సొమ్మున్న వారి సౌకర్యమయింది.

ఆ సౌకర్యమూ నిలవలేదు. నకిలీ ప్రవేశపత్రాలతో మన దేశ విద్యార్థులు కొందరు చిక్కుల్లో పడిన సంగతి 2023లో బయటపడింది. ఆ డిసెంబరు నుండి ప్రతి పత్రాన్నీ విద్యాసంస్థతో సరిచూడడం మొదలుపెట్టారు. 2024 జనవరి 1 నుండి డిపాజిట్ 20,635 డాలర్లయింది, అంటే 12 లక్షల రూపాయలకు పైమాటే. అదే నెలలో పర్మిట్ల సంఖ్యకు పరిమితి విధించి, అక్కడి రాష్ట్రం ఇచ్చే ధ్రువపత్రం కూడా చాలామందికి తప్పనిసరి చేశారు. చివరికి 2024 నవంబరు 8న త్వరిత మార్గాన్నే మూసివేశారు. ఇప్పుడు అందరిదీ ఒకే వరుస. ఆ వరుసలో ఖర్చులకు చూపవలసిన మొత్తం 2025 సెప్టెంబరు 1 నుండి ఒక్కరికి 22,895 డాలర్లు. ఫీజు, ప్రయాణం దీనికి అదనం. కాకపోతే బ్యాంకు రుణం, స్కాలర్‌షిప్పు పత్రం కూడా ఇక్కడ రుజువుగా చెల్లుతాయి.

కనుక మిత్రులారా, పాత పథకం పేరు చెప్పి "ఇరవై రోజుల్లో తెప్పిస్తాం" అనే ఏజెంటు మాట నమ్మి పెన్షన్ కమ్యుటేషన్ సొమ్ము చేతిలో పెట్టవద్దు. మనవళ్ల కాగితాలు మన సర్వీసు రిజిస్టర్ల మాదిరే ఒక్కొక్కటి సరిచూడండి. ప్రవేశపత్రం నిజమో కాదో విద్యాసంస్థనే అడగండి. ఏజెన్సీలో ఇంకా ఉద్యోగాల్లో ఉన్న మన పిల్లలకు ఒక మాట: చదువుకున్న కొండపిల్ల కుల ధ్రువపత్రానికో ఆదాయ ధ్రువపత్రానికో వస్తే ఆ రోజే చూడండి. ఆ పిల్ల ఫైలు ఒట్టావాకు చేరేలోపు మొదట ఆగేది మన బల్లమీదే.