ఆనందవల్లి వెనక్కి చూసింది

“కోటప్పకొండ మెట్లెక్కుతానని మొక్కుకున్నానే! వెన్నుపూస విరిగి కూర్చున్నాను. డాక్టరేమో ఎముకలకి మాత్రలు రాశాడు. మింగనా, మాననా?” అంది మా పెద్దమ్మ.

వెనకాలే వస్తున్న కోటయ్యస్వామిని ఆనందవల్లి తిరిగి చూసిందట; స్వామి అక్కడే ఆగిపోయాడట. మందుల విషయంలో మాత్రం వెనక్కి చూడక తప్పదు.

బావినీళ్ళలోని ఫ్లోరైడు అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో మనుషుల వెన్నుల్ని కర్రల్లా బిగించేసిందని 1937లో డాక్టర్లు రాశారు. 1960లలో పడమటి దేశాల్లో అదే ఫ్లోరైడును ఎముకలు బోలుపడ్డవాళ్ళకి మందుగా ఇచ్చారు. ఎముక దట్టమవుతుంది కదా అని! 202 మంది అమెరికా స్త్రీలలో సగం మందికి ఫ్లోరైడు, సగం మందికి ఉత్తమాత్ర ఇచ్చి నాలుగేళ్ళు చూశారు. 1990లో ఫలితం తేలింది. ఫ్లోరైడు వాడినవాళ్ళ నడుమెముక సాంద్రత 35 శాతం పెరిగింది. వెన్ను విరగడం చెప్పుకోదగినంత తగ్గలేదు, మిగతా ఎముకలు విరగడం ఎక్కువైంది. ఇటుకలు ఎక్కువైనా కట్టుబడి చెడ్డ గోడ నిలుస్తుందా?

1995లో అమెరికాలో అనుమతి పొందిన అలెండ్రోనేట్ అలా కాదు. వెన్ను విరిగిన స్త్రీలలో మళ్ళీ విరగడాన్ని దాదాపు సగానికి తగ్గించింది. అయితే పరగడుపున గ్లాసెడు నీళ్ళతో మింగి, అరగంట నడుం వాల్చకూడదు. లేకపోతే అన్నవాహిక పుండుపడొచ్చు. ఏళ్ళ తరబడి వాడితే, అరుదుగానే అయినా, తొడఎముకే విరగొచ్చు.

“మానకు పెద్దమ్మా, ఎన్నేళ్ళు వాడాలో మాత్రం డాక్టర్ని అడుగు” అన్నాను.

“అడుగుతాలే. మెట్ల దగ్గర చెయ్యి పట్టుకుంటావా?” అంది.