రోహిణి కార్తెలో ఎవరెస్టు: ఎండాకాలం కొండెక్కే మన పిల్లల కోసం కొన్ని పాత లెక్కలు



పోయిన వారం మన గ్రూపులో జరిగిన మాటలు మీరంతా చూసే ఉంటారు. బెంగళూరులో ఉద్యోగాలు చేసుకునే మన హొసకోట పిల్లలు నలుగురు జూన్‌లో హిమాలయాల్లో మంచుకొండ ఎక్కడానికి పోతామన్నారు. ఒక తండ్రి వద్దన్నాడు. దానికి ఒక పిల్లాడు, "మామా, ఎండాకాలం కదా, చలి ఏముంటుంది? ఒక స్వెట్టర్ చాలు" అని రాశాడు. ఆ మాట చదివినప్పటి నుంచి మాకు నిద్ర సరిగ్గా పట్టలేదు. ఎందుకంటే సరిగ్గా ఆ మాటే ఒకప్పుడు మేమూ అన్నాం.

మేము రైల్వేలో గుమస్తాగా చేరిన కొత్తలో, ఆఫీసు వాళ్ళం నలుగురం పాసు మీద ఉత్తరాదికి పోయి, జూన్ నెలలో రోహ్‌తాంగ్ కనుమ ఎక్కాం. నూలు చొక్కాలు, కాన్వాసు బూట్లు. దారిలో నల్ల కళ్ళద్దాలు అద్దెకిస్తామని అడిగారు. "మేము ఎండలో పుట్టినవాళ్ళం" అని నవ్వి వచ్చేశాం. మధ్యాహ్నానికి మబ్బు కమ్మింది, వాన, దాని వెనకే మంచు. తడిసిన నూలు చొక్కా ఒంటికి అంటుకుంటే ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది. ఆ రాత్రి మాలో ఒకాయనకు కళ్ళల్లో ఇసుక పోసినట్టు మంట మొదలై రెండు రోజులు కన్ను తెరవలేకపోయాడు. అదృష్టం బాగుండి అంతటితో పోయింది. రిటైరైన తరువాత, ఆ రోజు మేము చేసిన తప్పు ఏమిటా అని ఎవరెస్టు చరిత్ర చదవడం మొదలుపెట్టాం. మేము చదివింది అరవ బడిలో. తెలుగు ఇంట్లో నేర్చుకున్నదే. భాషలో తప్పులుంటే మన్నించండి.

మొదట కాలం సంగతి. మన పావగడ తాలూకాలో రైతు కార్తెల లెక్కన బతుకుతాడు. అరవవాళ్ళు కత్తిరి ఎండ అనేదానిలో మన కృత్తిక కార్తె ఉంటుంది. దాని తరువాత మే 25 ప్రాంతంలో రోహిణి. రోహిణిలో రోళ్ళు పగులుతాయని మన పెద్దల మాట. జూన్ 7, 8 తేదీల్లో మృగశిర వస్తుంది, మనం మబ్బు వైపు చూస్తాం. ఎవరెస్టు ఎక్కిన తేదీలు ఒక కాగితం మీద రాసుకుని పక్కన కార్తెలు వేసి చూస్తే మాకు ఆశ్చర్యం కలిగింది. చలికాలమంతా ఆ శిఖరాన్ని కొట్టే భయంకరమైన గాలి మే నెలలో తగ్గుతుంది. కేరళలో సుమారు జూన్ 1న దిగే ఋతుపవనం జూన్ మొదటి రెండు వారాల్లో తూర్పు హిమాలయాలకు చేరి కొత్త మంచు కురిపిస్తుంది. ఆ రెంటి నడుమ దొరికే కొద్ది రోజులే దారి. మనకు రోళ్ళు పగిలే రోహిణే వాళ్ళకు తలుపు తెరిచే కాలం. మృగశిరకు ఆ తలుపు మూసుకుంటుంది.

దీన్ని మొదట తెలుసుకున్నవాళ్ళు చాలా ఖరీదు కట్టారు. 1922 బ్రిటిష్ బృందంలో జార్జ్ ఫించ్ అనే ఆయన ఉండేవాడు. బెలూన్లు చేసే గుడ్డలో బాతు మెత్తని ఈకలు కూరి కోటు కుట్టించుకుంటే తోటివాళ్ళు నవ్వారు. చలి మొదలయ్యాక ఆ నవ్వు ఆగింది. మే 27న ఆయన, జెఫ్రీ బ్రూస్ ప్రాణవాయువు సిలిండర్లతో సుమారు 8,300 మీటర్ల దాకా పోయి తిరిగి వచ్చారు. అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. కొత్త మంచు బాగా కురిసిన తరువాత, జూన్ 7న, మూడోసారి ప్రయత్నించారు. నార్త్ కోల్ అనే కనుమ కింద మంచు చరియ జారి ఏడుగురు కూలీలు చనిపోయారు. వాళ్ళు మోసింది దొరల సామాను. ఎప్పుడు బయల్దేరాలో నిర్ణయించింది వాళ్ళు కాదు. ఆ బరువు మోసినవాళ్ళ సంగతి చదివినప్పుడల్లా మాకు పార్సెల్ ఆఫీసు హమాలీలే గుర్తుకొస్తారు.

1924లో మళ్ళీ వచ్చారు. జూన్ 4న నార్టన్ సిలిండరు లేకుండా 8,570 మీటర్లు దాటి పోయాడు. అక్కడ రాతి మీద అడుగు సరిగ్గా కనబడడం లేదని కళ్ళద్దాలు తీశాడు. రాత్రికి చూపు పోయింది, కొన్ని రోజులు గుడ్డివాడిలా పడుకున్నాడు. మా రోహ్‌తాంగ్ మిత్రుడికి వచ్చింది అదే జబ్బు అని మాకు అప్పుడు అర్థమైంది. ఎండ పైనుంచి ఒకసారి, మంచు మీద పడి కిందనుంచి ఇంకొకసారి కంటికి కొడుతుంది. జూన్ 8న మలొరీ, ఇర్విన్ పైకి పోయి మబ్బులో కలిసిపోయారు, మళ్ళీ దిగలేదు.

ఇప్పుడు మన హొసకోట మగ్గాల వాళ్ళు చెవి పెట్టి వినాల్సిన మాట. మలొరీ దేహం 75 ఏళ్ళ తరువాత, 1999 మే 1న దొరికింది. ఒంటి మీద బట్టలు చూస్తే పట్టు, నూలు, ఉన్ని ఒకదాని మీద ఒకటి పొరలుగా, పైన గాలి చొరని గాబర్డిన్ కోటు. అవును, పట్టే. మనం పెళ్ళికూతురి కోసం నేసే పట్టు ఎవరెస్టు మీద చలికి కవచంగా పోయింది. పట్టు నున్నగా ఉండి పొర మీద పొర జారుతుంది, చెయ్యి కాలు కదలడానికి అడ్డుపడదు, పొరల నడుమ నిలిచిన గాలి వేడిని పట్టి ఉంచుతుంది. 2006లో ఆ బట్టల నమూనాలు కుట్టించి ఎవరెస్టు మీదే తొడిగి చూశారు. నడుస్తున్నంతసేపు బాగా పనికొచ్చాయి. రాత్రి బయట గడపాల్సి వస్తే మాత్రం చాలవని తేలింది. అంటే సామాను మంచిదే, కానీ ఫలానా వేళకు దిగిపోతాం అనే లెక్క మీద ఆధారపడిన సామాను అది. వేళ తప్పితే అదే బట్ట కాపాడదు.

1953 వాళ్ళు ఈ రెండు లెక్కలూ నేర్చుకుని వచ్చారు. బొంబాయిలో ఓడ దిగి, టన్నుల కొద్దీ సామానుతో రైలెక్కి రక్సౌల్ చేరారు. ఎత్తు మీద వేసుకునే బూట్లలో బూరుగు దూది పొర పెట్టించారు. మన అవ్వలు దిండ్లలో కూరే దూదే. వాతావరణం తెలుసుకోవడానికి ఆకాశవాణి వాళ్ళ కోసం ప్రత్యేకంగా బులెటిన్లు చదివేది. కొండ మీద గుడారంలో రేడియో పెట్టుకుని, ఋతుపవనం ఎంత దూరంలో ఉందో విని అడుగు వేశారు. మే 29న టెన్సింగ్, హిల్లరీ శిఖరం మీద నిలబడ్డారు. నిండు రోహిణి కార్తె.

మన తెలుగువాళ్ళలో ఈ కాలం లెక్క బాగా తెలిసినవాడు మల్లి మస్తాన్ బాబు. నెల్లూరు జిల్లా గాంధీ జనసంఘం అనే చిన్న ఊరు. 2006లో ఏడు ఖండాల ఎత్తయిన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కాడు. ఆ తేదీలు చూస్తే మా కంటికి అది రైల్వే టైంటేబుల్. జనవరి 19న అంటార్కిటికాలో విన్సన్, ఫిబ్రవరి 17న దక్షిణ అమెరికాలో అకొంకాగువా. అక్కడ మన చలికాలమే ఎండాకాలం. మార్చి 15న కిలిమంజారో, ఏప్రిల్ 1న ఆస్ట్రేలియాలో కోసియుస్కో, మే 21న ఎవరెస్టు, జూన్ 13న ఎల్‌బ్రుస్, జూలై 10న అలాస్కాలో డెనాలి. ఎండాకాలం భూమి మీద ఎటు జరుగుతుందో దాని వెంటే ఆయనా జరిగాడు. ఇంకో చమత్కారం, ఆ ఏడూ వారంలో ఏడు వేర్వేరు రోజుల్లో పడ్డాయి. కావాలంటే క్యాలెండరు తీసి చూడండి.

అంత లెక్క తెలిసినవాడే 2015 మార్చిలో ఆండీస్ కొండల్లో, అర్జెంటీనా, చిలీ సరిహద్దులోని ట్రెస్ క్రూసెస్ మీదికి ఒంటరిగా పోయాడు. మార్చి 24 తరువాత జాడ లేదు. ఆ రోజుల్లోనే ఉత్తర చిలీలో, ఎప్పుడూ వాన ఎరగని అటకామా ఎడారిలో, పెద్ద తుఫాను వచ్చి వరదలు ముంచెత్తాయి. ఏప్రిల్ 3న ఆయన దేహం దొరికింది. వయసు 40. ఆయనను తప్పు పట్టడానికి మేము ఇది రాయడం లేదు, ఆ అర్హత మాకు లేదు. అక్కడ మార్చి చివర అంటే ఎండాకాలం వెనుదిరిగే కాలం. ఎంత అనుభవం ఉన్నా కాలం చివరి రోజులను నమ్మడం కష్టమని మాత్రం చెబుతున్నాం.

భయపెట్టి ఆపడం మా ఉద్దేశం కాదు. 2014 మే 25న నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం పిల్ల మాలావత్ పూర్ణ, 13 ఏళ్ళ 11 నెలల వయసులో, ఖమ్మం జిల్లా ఆనంద్ కుమార్‌తో కలిసి ఎవరెస్టు ఎక్కింది. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదివినవాళ్ళు. ఆ ఏడాది ఏప్రిల్ 18న నేపాల్ వైపు మంచు చరియ పడి 16 మంది చనిపోయారు. వీళ్ళు ఉన్నది టిబెట్ వైపు దారిలో. ఆ వార్త విన్న తరువాత కూడా ఎక్కారంటే వట్టి ధైర్యం కాదు, వెనక శిక్షణ ఉంది. ఆ శిక్షణ మొదలైంది భువనగిరి కోట గుట్ట మీద. తరువాత డార్జిలింగ్, ఆ తరువాత చలికాలంలో లడాఖ్.

భువనగిరి గుట్ట మన పావగడ కోట కొండ లాంటిదే, రాతి కొండ. అందుకే పిల్లలకు మా మాట ఇది. మొదట మన పావగడ కొండను ఈ ఎండాకాలంలోనే, బరువు మూటతో పదిసార్లు ఎక్కండి. కోడి కూయకముందే బయల్దేరి, రాయి కాలకముందే దిగే అలవాటు చేసుకోండి. మంచుకొండ మీదా అదే పద్ధతి. రాత్రి గడ్డకట్టిన మంచు తెల్లవారుజామున గట్టిగా ఉంటుంది. మధ్యాహ్నానికి మెత్తబడి చరియలు జారతాయి, రాళ్ళు రాలతాయి, మబ్బు కమ్ముతుంది. తరువాత డార్జిలింగ్‌లోనో ఉత్తరకాశీలోనో ఉన్న పర్వతారోహణ శిక్షణ సంస్థలో చేరి, మంచు గొడ్డలి పట్టడం, బూట్లకు ఇనుప ముళ్ళు కట్టుకుని నడవడం నేర్చుకోండి. ఒంటికి అంటే పొర నూలుది వద్దు, పట్టుదో ఉన్నిదో వేసుకోండి. దాని మీద వెచ్చని పొర, పైన గాలీ వానా చొరని పొర. బూటు బిగుతుగా ఉంటే రక్తం ఆగి వేళ్ళు చెడతాయి, రెండు మేజోళ్ళు వేసుకుని కొలత చూసి కొనండి. కళ్ళద్దాలు రెండు జతలు. ఎన్ని గంటలకు ఎక్కడున్నా వెనక్కి తిరగాలో కిందే రాసుకుని పొండి. పైన బుద్ధి సరిగ్గా పనిచేయదు.

వద్దన్న తండ్రికి మా మనవి, ఈ ఏడు ఆపండి, వచ్చే ఏడు శిక్షణ అయ్యాక పంపండి. మృగశిర వాకిట్లో, స్వెట్టరుతో మాత్రం వద్దు. లోపలి పొరకు పట్టు బనియన్లు కావాలంటే, మన మగ్గాల మీద ఆ గుడ్డ నేయించి ఆ నలుగురికీ కుట్టించే ఖర్చు మేము పెట్టుకుంటాం. నేసేవాళ్ళు ఎవరైనా ముందుకొస్తే చెప్పండి.