పాత ఫిడేలు రికార్డులు – క్రొత్త ముద్రణలు

పూర్వవిద్వాంసుల గ్రామఫోను రికార్డులను క్రొత్తగా ముద్రించి యమ్మువారు పైయట్టమీద "గరగర లేదు" అని ప్రకటించుచుందురు. కొనువారును ఆ మాటనే చూచి కొందురు. గరగర లేకుండుట మంచి ముద్రణకు గుర్తు కాదనియు, ఒక్కొక్కప్పుడది చెడ్డ ముద్రణకే గుర్తనియు, ఐరోపా ఫిడేలు విద్వాంసుల రికార్డుల చరిత్రను పట్టి నేడు మీకు మనవి చేయదలచినాను.

జోసెఫ్ యోఆఖిమ్ అను విద్వాంసుడు 1831లో నాటి హంగరీ రాజ్యమున జన్మించెను. పండ్రెండేండ్ల ప్రాయమున, 1844లో, లండను నగరమున మెండెల్సన్ వాద్యబృందమును నడపుచుండగా, బీథోవెన్ రచించిన ఫిడేలు కన్సర్టోను వాయించి సభను మెప్పించెను. బ్రాహ్మ్స్ రచించిన కన్సర్టోను 1879 జనవరి 1వ తేదీన లైప్‌జిగ్ నగరమున లోకమునకు మొదట వినిపించినవాడును ఈతడే. ఇంతటివాని వాద్యమునకు నేడు మిగిలిన సాక్ష్యము, డెబ్బదిరెండేండ్ల వయస్సున 1903లో బెర్లినులో ఇచ్చిన యైదు చిన్న రికార్డులు. అన్నియు కలిపి ఇంచుమించు పావుగంట. 1907లో ఆయన కాలధర్మము నొందెను.

ఆ పావుగంటపై నొక పెద్ద వాదము నిలిచియున్నది. నేటి ఐరోపా ఫిడేలు విద్వాంసులు తీగపై వ్రేలిని ఎడతెగక కదల్చుచు స్వరమును కంపింపజేయుదురు. క్రైస్లర్ (1875–1962) తరమునుండి ఈ పద్ధతి వ్యాపించెను. యోఆఖిమ్ మాత్రము ఆ కంపనమును నగవలె అక్కడక్కడ తొడిగెను. పెక్కు స్వరములను కదలింపక నిలిపెను. ఈ సంగతి గ్రంథమున చదువుట వేరు, చెవితో వినుట వేరు. ముద్రించువాడు ఆ స్వరముల యంచులను చెరిపివైచినచో సాక్షి నోరు నొక్కినట్లే.

1925కు పూర్వము రికార్డు తీయుటకు విద్యుచ్ఛక్తిని వాడెడివారు కారు. విద్వాంసుడు పెద్ద బాకా నోటికి మిక్కిలి చేరువగా నిలిచి వాయించవలెను. ఆ శబ్దము పలుచని బిళ్లను అదరింపగా, దానికి తగిలించిన సూది, తిరుగుచున్న మైనముపై గాడి చెక్కును. మైనమునుండి లోహపు అచ్చు, అచ్చునుండి నల్లని రికార్డు. ఆ నల్లని వస్తువును పట్టి యుంచిన బంక మన దేశమునుండి పోయిన లక్కయే. అందులో రాతిపొడి కలిపెడివారు. ఉక్కుసూదిని అరగదీసి గాడికి సరిపోవునట్లు చేయుటకది పనికివచ్చెను. మనము వినెడి గరగరలో అధికభాగ మా పొడినుండి పుట్టినదే.

ఇక ఆ బాకా పట్టగలిగిన ధ్వని యెంత? ఫిడేలు మంద్రపు తీగ సెకనుకు 196 కంపనములు చేయును. బాకా ఇంచుమించు అక్కడనే మొదలిడి, రెండుమూడు వేల కంపనములు దాటిన పిదప నీరసించును. కమాను తీగను పట్టుకొను క్షణపు రాపిడియు, స్వరమునకు జీవమిచ్చు ఉపస్వరములును ఆ పైయంచున సన్నగా నిలిచియుండును. గరగరయు నక్కడనే కాపురముండును. గరగరను మొదలంట కోయువాడు ఫిడేలు ప్రాణమునుగూడ కోసినవా డగును.

1948లో లాంగ్‌ప్లే రికార్డులు వచ్చిన పిదప పాతవానిని వానిపైకి ఎక్కించిరి. అప్పుడు కొందరు పై ధ్వనులను కోసి, ఆ మొద్దుతనమును కప్పిపుచ్చుటకు గుహలోని ప్రతిధ్వనివంటి దానిని చేర్చిరి. ఒక్క బాకాతో పట్టిన శబ్దమును రెండుగా చీల్చి రెండు ప్రక్కలనుండి వినిపింపజూచినవారును కలరు! 1980ల తరువాత కంప్యూటరు వచ్చెను. గీతలు పడినచోట వినవచ్చు టిక్కుటిక్కులను తీయుటలో దాని నేర్పు మెచ్చదగినదే. మితిమీరి వాడినచో మాత్రము ఫిడేలు పిల్లనగ్రోవివలె మ్రోగును.

యోఆఖిమ్ వాయించిన బాఖ్ అడాజియో ముద్రణలు రెండు నే నొకప్పుడు కొంటిని. ఒకటి మిక్కిలి నిశ్శబ్దముగా నుండెను. మొదట దానినే మెచ్చితిని. మూడు దినములు విన్నపిదప తెలిసినది. స్వరము ముగియుచోట తోక లేదు, కత్తిరించినట్లున్నది. ఫిడేలు మ్రోగునపుడు గాలిశబ్దము లేచి, ఆగగానే మాయమగుచున్నది. రెండవదానిలో చిరుజల్లువంటి శబ్దము మొదటినుండి తుదివరకు నొకే తీరున నుండెను. కొంతసేపటికి చెవి దానిని మరచెను. కమాను మరలుచోటు లన్నియు తెలియవచ్చెను. నిశ్శబ్దమైనదానిని ఒక చుట్టమునకు బహుమానముగా ఇచ్చివైచితిని. అది న్యాయమో కాదో యెరుగను.

వేగమును చూచుకొనవలెను. 78 చుట్ల రికార్డులని పేరేగాని, తొలికాలమున నొక్కొక్కటి యొక్కొక్క వేగమున తీయబడెను. నిమిషమునకు 74 చుట్లు తిరుగవలసినదానిని 78 చుట్లు త్రిప్పినచో, శ్రుతి షడ్జమమునుండి శుద్ధరిషభమునకు పోయినంత హెచ్చును. నడకయు త్వరపడును, వృద్ధుడైన యోఆఖిమ్ బాలునివలె పరుగెత్తును. ఐరోపా రచనలకు ఆధారస్వరము ముందే నిర్ణీతము. పై అడాజియో జి మైనరు. కావున హార్మోనియముతో సరిచూడవచ్చును. 1885లో వియన్నా సభవారు ఎ స్వరమునకు 435 కంపనములు నిర్ణయించిరి, నేటి కొలత 440. ఆ స్వల్పభేదమును మన్నింపవచ్చును. అర్ధస్వరమే తేడా యున్నచో ఆ ముద్రణ కొనదగదు. ఎవరు, ఏ రికార్డునుండి, ఏ వేగమున ఎక్కించిరో అట్టపై చెప్పిన ముద్రణను ముందుగా వినుడు. ఈ పనిలో పేరుగాంచిన అమెరికావాడు వార్డ్ మార్స్టన్ పుట్టుకతోనే చూపు లేనివాడు. చెవియే ఆయనకు సర్వము.

మన ద్వారం వెంకటస్వామినాయుడుగారి (1893–1964) రికార్డుల క్రొత్త ముద్రణలు కొనునపుడు ఈ హార్మోనియము పరీక్ష సాగదు. మన సంగీతమున ఆధారశ్రుతి వాయించువాని యిచ్ఛ. ఆయన కచేరీని ఎదుట కూర్చుండి విన్న పెద్ద లెవరైన మీ గ్రామమున నున్నచో, కొనుటకు ముందు వారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని వినుడు.