చేర్యాల పటములు

జనగామ ప్రాంతమువారికి చేర్యాల యనగానే ఎఱ్ఱని రంగు కన్నులకు కట్టును. 2016వ సంవత్సరమున జిల్లాలను విభజించినపుడు ఆ యూరు సిద్దిపేటలో చేరినది గాని, అంతకుముందు వరంగల్లు జిల్లాలో, జనగామకు సంబంధించినదే. నకాషీలను చిత్రకారుల కుటుంబములు నేటికిని అచ్చట పటములు వ్రాయుచున్నవి.

వీరి పనిలో బొమ్మకంటె ముందు గుడ్డను పరికింపవలెను. ఖద్దరుగుడ్డకు బియ్యపుగంజి, సుద్దమన్ను, చింతగింజల నుడికించిన అంబలి, చెట్టుజిగురు కలిపి పూతమీద పూత పట్టింతురు. ఒకటి ఆరినగాని రెండవది వేయరు. ముప్పది నలువది అడుగుల పటమును ఊరూర విప్పి, మరల చుట్టవలెను గదా! పూత పెళుసైనచో దేవతల మొగములే పగులును. ఆ అంబలినే రంపపుపొట్టుతో కలిపి బొమ్మలను సైతము చేయుదురు. మన యిండ్లలో పాఱవేయు చింతగింజ కింతటి పని యున్నదని ఎందఱెఱుగుదురు?

పిమ్మట నేలయంతయు ఎఱుపు. కళాశాలలలో నేర్చినవారు దూరమును చూపుటకు వెలుగునీడల నాశ్రయింతురు. నకాషీకి ఆ యవసరము లేదు. ఆకాశమును, అడవియు, రాజసభయు నన్నియు ఆ యెఱుపులోనే యున్నవి. రాత్రివేళ దీపము ముందర పటము విప్పి కథకుడు పాడుచుండగా, జనులు దానిని చూచిన తీరు వేఱు. మనము పగటివేళ గోడమీద చూచుట వేఱు.

ఆ కథ లెవరివి? పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయపురాణమును, మాదిగలకు డక్కలివారు జాంబపురాణమును, ముదిరాజులకు కాకిపడగలవారు పాండవుల కథను చెప్పెడివారు. చాకలివారికి మడేలు పురాణము కలదు. బడిలో మన చరిత్రపుస్తకములు పేరెత్తని కులములు తమ పుట్టుకను తామే గౌరవముతో చెప్పించుకొన్న గ్రంథము లివి. వీనిని మోటు కథలని విడిచినది చదువుకొన్న మనమే. కులాభిమానమును పెంచునను ఆక్షేపణ గలదు. అది కొంత నిజమే. అయినను అవమానింపబడినవాడు తన వంశకథను వినగోరుట గర్వ మనిపించుకొనదు.

ప్రాతపటము చినిగినచో కథకులు దానికి కర్మచేసి నీట విడిచెడివారు. అందుచేతనే ప్రాచీనములు అరుదు. పదునేడవ శతాబ్దమునాటి పటమొకటి హైదరాబాదులో మిట్టల్ దంపతుల సంగ్రహమున నిలిచినది.

ఇప్పుడు కథకులు తగ్గిరి. నకాషీలు జీవనమునకై కల్లుగీత, ఎడ్లబండి, బతుకమ్మ మున్నగువానిని చిన్న చిన్న గుడ్డలపై వ్రాసి అమ్ముచున్నారు. వారిని తప్పుపట్టుటకు మనకు నోరు లేదు. గుడ్డ అదే, అంబలి అదే, ఎఱుపు నదియే. కొన్నవారు అద్దము బిగించి గోడకు తగిలింతురు. వానిని చుట్టి మఱియొక యూరికి మోసికొనిపోవువాడు లేడు.